పక్కచూపు లేని కాపలావాడు

పోయిన వారం మనం అక్కను కళ్ళద్దాల దుకాణం మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. ఆ దుకాణం ఆమె భర్తదే. అయినా లోపలికి వెళ్ళడానికి కాళ్ళు రాక, తలుపు గాజులోంచి ఆయన్ను చూస్తూ నిలబడిపోయింది.

ఆస్పత్రి నుంచి సరాసరి వచ్చిందామె. అక్కడ ఎముకల వార్డులో, కాలికి బరువులు వేలాడదీసుకుని, పూలకొట్టులో పనిచేసే అమ్మాయి ఒకతె పడుకుని ఉంది. అక్క తమ్ముడు నడిపే బడి వ్యాను ఆ అమ్మాయి సైకిల్‌ను కొట్టింది. "సందులోంచి ఒక్కసారిగా ఊడిపడింది, నేనేం చెయ్యను?" అన్నాడు తమ్ముడు. వ్యానులో ఉన్నది పసిపిల్లలు. వాళ్ళు చెప్పగలిగింది ఏమీ లేదు. విచారణకు వచ్చిన పోలీసాయన డ్రైవరు చూపు ఎలాంటిదని అడిగితే, "గద్ద చూపండీ. చిన్నప్పుడు అటక మీద దాచిన బిస్కెట్ల డబ్బా కూడా వాడి కళ్ళు గప్పలేకపోయేది" అని అక్క పూచీ పడింది. తప్పు సైకిల్‌దేనని అందరూ తేల్చేశారు.

మంచం మీది అమ్మాయి మాత్రం ఇవాళ వేరే మాట చెప్పింది.

"నేను సందులోంచి రాలేదండీ. మలుపు ముందు నుంచీ ఆయన పక్కనే వస్తున్నాను. గంట కూడా కొట్టాను. ఆయన తల కాస్త ఇటు తిప్పారు. చూశారులే అనుకున్నాను. మరుక్షణం చక్రం నా మీదికే తిప్పారు."

ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. అర్థం కాని లెక్క చెబుతున్నట్టుగా చెప్పింది. అదే అక్కను కుదిపేసింది.

చివరికి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నం కావడంతో దుకాణంలో బేరాలు లేవు. భర్త బల్ల ముందు కూర్చుని ఎవరిదో కళ్ళజోడు కాడకు మర బిగిస్తున్నాడు. కంటికి ఆనీ ఆనని మర.

"భోజనానికి రాలేదేంటని ఇప్పుడే ఫోన్ చేద్దామనుకుంటున్నా" అన్నాడు తలెత్తకుండానే.

"ఏమండీ, మావాడి కళ్ళకేమైంది?"

మర ఆయన వేళ్ళలోంచి జారి కింద పడింది. నేల మీద మర పడితే ఆయన లోకాన్ని ఆపేసి మోకాళ్ళ మీద వెతికే మనిషి. ఇప్పుడు వెతకలేదు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పారని అడిగారంటే చెప్పడానికి ఏదో ఉందన్నమాట."

ఆయన కళ్ళజోడును మెత్తటి గుడ్డ మీద పెట్టి లేచాడు. "లోపలికి రా" అన్నాడు.

ఈ కథను మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకు ఆ వెనక గది తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం మళ్ళీ చెప్పడంలో తప్పు లేదు. ఒక గోడకు పెద్ద అక్షరాల నుంచి చీమ అక్షరాల దాకా దిగే చార్టు. దాని ఎదురుగా చూపు పరీక్షించే కుర్చీ. రెండో పక్క పొడవాటి బల్ల. ఆ బల్ల దగ్గరే ప్రతి ఆదివారం మధ్యాహ్నం నలుగురూ చేరి ఆట ఆడేవారు. కోటలూ, మాంత్రికులూ, నిధులూ ఉండే ఆట. నడిపేది అక్క. తలుపు చప్పుడు చేసిందో లేదో, కాపలావాడు ఏం చూశాడో, గోడ అవతల ఏముందో చెప్పేది ఆమె. మిగతా ముగ్గురివీ తలొక పాత్ర. తలపెట్టిన పని నెగ్గుతుందో లేదో తేలనిచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. భర్తది ముసలి మాంత్రికుడి పాత్ర. పక్క దుకాణం టైలరమ్మ గండ్రగొడ్డలి పట్టిన వీరనారి. తమ్ముడు దొంగ. ఆ దొంగకు వాడు పెట్టుకున్న పేరు మిణుగురు. "దొంగకి వెలిగే పురుగు పేరేంట్రా?" అంటే, "అందుకే ఎవరూ అనుమానించరు" అనేవాడు. ఆట దగ్గర అందరికీ ఆమె అక్కే. సొంత మొగుడు కూడా రెండుసార్లు నోరు జారి అక్కా అని, నాలిక్కరుచుకున్నాడు.

ఇప్పుడు ఆ బల్ల మీద కోట పటం ప్లాస్టిక్ కాగితం కింద అలాగే ఉంది. రెండు నెలలుగా ఆట లేదు. ఆగిపోయిన రోజు ఏం జరిగిందో అక్కకు మళ్ళీ కళ్ళకు కట్టింది.

ఆ రోజు కథలో వాళ్ళు కోట వంటింటి నడవలో ఉన్నారు. తలుపు దగ్గర లాంతరు పట్టుకుని ఒక కాపలావాడు. వీరనారి వాడి ఎదురుగా నిలబడి, దారి తప్పిన పనిమనిషిలా నటిస్తూ ఏదేదో వాగుతోంది.

"మిణుగురు దాక్కుంటున్నాడు. పాచిక వేస్తున్నా" అన్నాడు తమ్ముడు.

"దేని వెనకాల?" అంది అక్క.

"దేని వెనకాలా కాదు. వాడి పక్కన. వాడు టైలరమ్మగారి మొహం చూస్తున్నాడు కదా. నేను వాడి భుజం పక్కనుంచి గోడకి అంటుకుని జారిపోతాను."

"నడవలో ఏముంది? గోడుంది, లాంతరుంది. స్తంభం లేదు, తెర లేదు, చీకటి లేదు. దాక్కోవడానికి చోటే లేనప్పుడు పాచికేంట్రా?"

"చోటెందుకక్కా? వాడు చూడకపోతే చాలదా?"

ఇక అక్కడ మొదలైంది వాదన. దాక్కోవడం మీద వాళ్ళ బల్ల దగ్గర వాదన కొత్త కాదు. ఈ ఆటలో కత్తి దెబ్బకు లెక్క ఉంది, మంత్రానికి లెక్క ఉంది. దాక్కోవడానికి మాత్రం ఎవరికి తోచిన లెక్క వాళ్ళది. భర్త తన అలవాటు ప్రకారం పద్ధతిగా విడదీశాడు. కనబడకపోవడం వేరు, వినబడకపోవడం వేరు. అడుగుల చప్పుడు రాకుండా వెళ్ళగలడేమో గానీ, దీపం వెలుతురులో కళ్ళెదుట ఎలా మాయమవుతాడు? టైలరమ్మ ఒప్పుకోలేదు. "నేను గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే వాడికి పక్కకి చూసే తీరికెక్కడిదండీ? నా దుకాణంలో కొలతలు తీసేటప్పుడు నేను కబుర్లు పెడితే, కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు చెయ్యెత్తమన్నా ఎత్తరు" అంది.

అక్క రూల్సు పుస్తకం తీసింది. కాపలా కాసేవాడు చుట్టుపక్కలంతా గమనిస్తూనే ఉన్నట్టు లెక్క అని అందులో ఉంది. పైకి చదివింది. దాని కింద ఇంకో వాక్యం ఉంది. వాడి ధ్యాస మరో చోట చిక్కుకుని ఉంటే, ఆట నడిపేవారు తమకు తోచిన మేరకు అవకాశం ఇవ్వవచ్చని. అది కూడా ఆమె కళ్ళ పడింది. చదవలేదు. పుస్తకం మూసేసింది.

"మనిషికి చుట్టూ కనిపించడమేంటక్కా? ఎదురుగా చూస్తుంటే నీ చెవి పక్కన ఏముందో నీకు కనిపిస్తుందా?"

"ఎందుకు కనిపించదు?" అంటూ అక్క రెండు చేతులూ చెవుల దగ్గరికి ఎత్తి, చూపు తిన్నగా చార్టు మీద పెట్టి, వేళ్ళు ఆడించింది. "ఇదిగో, కదులుతున్నాయి. కనిపిస్తున్నాయి."

టైలరమ్మ కూడా ఎత్తింది. భర్తా ఎత్తాడు. ముగ్గురూ చెవుల పక్కన వేళ్ళు ఆడించుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పగలబడి నవ్వారు. తమ్ముడు కూడా చేతులెత్తాడు. వేళ్ళు ఆడించాడు. ఇంకా ఆడించాడు. చేతులు మెల్లగా ముందుకు జరిపాడు.

"నాకు కనబడట్లేదు" అన్నాడు.

అక్క నవ్వు ఇంకా ఆగలేదు. "ఒక్క పాచిక కోసం ఏకంగా గుడ్డివాడివైపోతావురా!" అంది.

మళ్ళీ అందరూ నవ్వారు. తమ్ముడు మాత్రం తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అలిగాడనుకున్నారు. వచ్చే ఆదివారానికి వాడే వస్తాడులే అనుకున్నారు. రాలేదు.

"మర్నాడు పొద్దున్నే వచ్చాడు" అన్నాడు భర్త. పరీక్ష కుర్చీ చేతి మీద గోరుతో గీస్తూ మాట్లాడుతున్నాడు. "ఇందులో కూర్చోబెట్టి చార్టు చదివించాను. చివరి వరస దాకా గడగడా చదివేశాడు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత పెన్ను తీసుకుని వాడి చెవి దగ్గర్నుంచి ముందుకి తెచ్చాను. కనిపించగానే చెప్పరా అన్నాను. దాదాపు ముక్కు ముందుకొచ్చేదాకా చెప్పలేదు."

అక్క బల్ల అంచు పట్టుకుంది.

"పెద్ద కంటాస్పత్రికి పంపాను. కంటి వెనక పొర అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందట. పుట్టుకతో ఉన్నదే, చాలా నెమ్మదిగా ముదురుతుందట. నడుమ చూపు శుభ్రంగా ఉంటుంది. అందుకే లైసెన్సు పరీక్షలో గట్టెక్కాడు, మనకీ తెలీలేదు. గొట్టంలోంచి చూసినట్టు చూస్తాడు వాడు."

"మందు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇదంతా తెలిసి, ఆ పసిపిల్లల్ని ఎక్కించుకుని వ్యాను తోలుతుంటే ఊరుకున్నారా? ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకుని, నాకొక్క మాట చెప్పలేదా?"

"మానేస్తానన్నాడు. బడికి సెలవులిచ్చేదాకా ఆగు బావా, ఈలోగా ఇంకో పని చూసుకుంటానన్నాడు. తల బాగా తిప్పి చూస్తూ జాగ్రత్తగా నడుపుతానన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు."

"ఎవరి మీద?"

"నీ మీద."

అక్కకు నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట వచ్చే నవ్వు. "మన ఆటలో ఇద్దరు కాపలావాళ్ళుండి, దొంగని ఒకడు చూశాడనుకోండి. చూసినవాడు కేకేస్తే రెండోవాడికీ తెలుస్తుంది. కేక వెయ్యకపోతే?"

"దొంగ రెండోవాడికి ఇంకా కనపడనట్టే" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"మీరు చూశారు. కేక వెయ్యలేదు."

"వెయ్యలేదు" అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత గొంతు ఇంకా తగ్గించాడు. "రోజూ రాత్రి చెబుదామనే ఇంటికొచ్చేవాణ్ణి. నువ్వేమో వాడి పేరెత్తితే చాలు, అలక మానలేదా మీ వీరుడు అనేదానివి. ఇవాళ కాదులే, రేపు చూద్దాంలే అనుకునేవాణ్ణి. ఆ అమ్మాయి కాలు విరిగాక ఇక ఏ మొహంతో చెప్పను?"

అక్క పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనపు అచ్చులో వెంట్రుకంత పగులుంటే పది మందిలో ముందు పట్టేది ఆమే. చిన్నప్పటి నుంచీ చెయ్యి పట్టుకుని తిప్పిన తమ్ముడు గుమ్మాలకు భుజాలు కొట్టుకుంటుంటే, దారిలో ఉన్న బకెట్లు తన్నేస్తుంటే, "కాస్త చూసుకుని నడవరా మొద్దూ" అని మాత్రం అంటూ వచ్చింది. ఒక్కనాడూ ఎందుకని అనుకోలేదు.

అప్పుడే ముందు గది తలుపు గంట మోగింది.

"వాడే" అన్నాడు భర్త. "వ్యాను స్టేషన్లో పెట్టారు కదా. ఇంట్లో ఉండలేక మధ్యాహ్నాలు ఇక్కడికొస్తున్నాడు."

అక్క ఎదురు వెళ్దామని గుమ్మం దాకా నడిచి, ఆగింది. గది గుమ్మం పక్కనే గోడకు ఆనించి ఉన్న స్టూలు మీద కూలబడింది. తమ్ముడు తలవంచుకుని లోపలికి వచ్చాడు. ఆమె మోకాలికీ వాడి ప్యాంటుకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. వాడు తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి, బావకు ఎదురుగా కూర్చున్నాడు.

చూడలేదు.

గదిలో దీపం వెలుగుతోంది. స్తంభం లేదు, తెర లేదు, చీకటి లేదు. అక్క ఊపిరి బిగబట్టింది. ఎందుకు బిగబట్టిందో ఆమెకే తెలియదు.

"అక్క ఇవాళ ఆస్పత్రికి వెళ్ళిందట బావా. మా ఆవిడ చెప్పింది. ఆ పిల్ల ఏమన్నా చెప్పిందంటావా?"

భర్త గుమ్మం వైపు ఒక్కసారి చూశాడు. తమ్ముడి తల ఆ చూపు వెంట తిరగలేదు. "అక్కకి చెప్పేద్దాంరా ఇంక" అన్నాడు ఆయన.

"వద్దు బావా. అక్కకి నేనేం చెప్పినా, మళ్ళీ ఏం ఎత్తు వేశావురా అంటుంది. తప్పు అక్కది కాదులే. ఎత్తులు నేనే వేశాను మరి. జ్వరం లేకుండా జ్వరమన్నాను, దెబ్బ తగలకుండా కుంటాను. నిజంగా తగిలాక ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావ్?" వాడు ప్లాస్టిక్ కాగితం మీద వేలితో కోట గోడల వెంట గీస్తూ కూర్చున్నాడు. "ఆ రోజు మీరంతా నవ్వారు చూడు, నేనూ నవ్వుదామనే అనుకున్నాను. రాలేదు. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి వేళ్ళు ఆడించుకుంటూనే ఉన్నాను. అందరికీ ఇంతే కనిపిస్తుందనుకున్నా బావా ఇన్నాళ్ళూ. మీరంతా జాగ్రత్తగా నడుస్తారు, నాకే ఒళ్ళు దగ్గరుండదు, అంతే తేడా అనుకున్నాను."

అక్కకు ఇక కూర్చోవడం చేతకాలేదు.

"ఒరేయ్" అంది.

వాడు ఉలిక్కిపడి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. తల అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి ఆమె మొహాన్ని దొరకబుచ్చుకున్నాడు.

"ఎంతసేపైంది నువ్వొచ్చి?"

"నువ్వు రాకముందు నుంచే ఉన్నాన్రా."

"ఎక్కడ?"

"ఇక్కడే. చెయ్యి చాస్తే తగిలేదాన్ని."

వాడు స్టూలు వంక చూశాడు. గుమ్మం వంక చూశాడు. ఆ రెంటి మధ్య దూరాన్ని కళ్ళతో కొలిచాడు.

"దాక్కున్నావా?" అన్నాడు.

"లేదురా. కూర్చున్నాను, అంతే."

భర్త వంగి కుర్చీ నిలబెట్టాడు. తమ్ముడు దాని మీద కూర్చుని రెండు అరచేతులతో మొహం కప్పుకున్నాడు. చిన్నప్పుడు పట్టుబడ్డప్పుడల్లా చేసే పనే. అప్పుడు వేళ్ళ సందుల్లోంచి ఒక కన్ను తెరిచి, అక్క కోపం ఏపాటిదో చూసేవాడు. ఇప్పుడు చూడలేదు.

అక్క వాడి ఎదురుగా, వాడికి కనిపించే చోట, నేల మీద కూర్చుంది.

"ఆ పుస్తకంలో రెండో వాక్యం ఉందిరా. కాపలావాడి ధ్యాస వేరేచోట ఉంటే నీకు పాచిక ఇవ్వొచ్చని. నేను చూశాను. చదివితే నువ్వు గెలిచినట్టవుతుందని మూసేశాను."

"తెలుసు" అన్నాడు వాడు అరచేతుల వెనక నుంచే. "ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు."

"మరి అప్పుడే అడగొచ్చు కదా?"

"అడుగుదామనే అనుకున్నాను. ఈలోగా నువ్వు వేళ్ళు ఆడించావు." చేతులు దించాడు. "పాచిక ఇచ్చి ఉంటే వేసేవాణ్ణి. నెగ్గితే తలుపు దాటేవాణ్ణి, ఓడితే పట్టుబడేవాణ్ణి. ఇంటికెళ్ళి హాయిగా పడుకునేవాణ్ణి. నాకు ఇంకొన్నాళ్ళు తెలిసేది కాదక్కా. నువ్వు ఇవ్వకపోవడమే మంచిదైంది."

"మంచెక్కడరా ఇందులో? నేను నవ్వాను. నిన్ను గుడ్డివాడివన్నాను."

"అన్నావు" అన్నాడు. కాదనలేదు, సర్దిచెప్పలేదు. ఆ ఒక్క మాట అక్క గుండెల్లో ముల్లులా దిగింది. వాడు తిట్టి ఉంటే కాస్త తేలికపడేది.

"ఆ అమ్మాయి నీ పక్కనే వచ్చిందట. గంట కొట్టిందట" అంది అక్క.

"గంట విన్నాను. తల తిప్పాను. సరిపోయేంత తిప్పలేదు." ఎంత తిప్పాడో తిప్పి చూపించాడు. "సందులోంచి వచ్చిందన్నది నేను కల్పించింది కాదు. ఆ క్షణంలో నాకు అలాగే కనిపించింది. నాకు అందరూ అలాగే వస్తారు, ఎక్కణ్ణుంచో ఊడిపడతారు. కానీ ఆ సాయంత్రానికే అర్థమైంది, తప్పు సందుది కాదు, నాదని. పోలీసాయన వచ్చినప్పుడు చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకున్నాను. ఈలోగా నువ్వు నాది గద్ద చూపన్నావు."

"నా వల్ల నోరు మూసుకున్నావా?"

"నీ వల్ల కాదు. నువ్వలా అంటే, అబ్బ, ఇంకా ఒకళ్ళున్నారు నన్ను నమ్మేవాళ్ళు అనిపించింది. ఆ కాసేపు బాగుంది. ఆ కాసేపటి కోసం ఆ పిల్ల మీద తప్పు పడనిచ్చాను."

వాడు ఏడవడం మొదలుపెట్టాడు. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ. బావ వచ్చి వాడి వీపు మీద చెయ్యి వేశాడు. అక్క ఆ చెయ్యి వంక చూసింది. ఈ రెండు నెలలూ తన తమ్ముడికి ఉన్న దిక్కు ఆ చెయ్యే. దాని మీద కోపం తెచ్చుకోవాలో, దణ్ణం పెట్టాలో ఆమెకు తెలియలేదు. రెండూ చెయ్యలేదు.

"ఎందుకు మానలేదురా? నిజం చెప్పు."

"పిల్లలు" అన్నాడు వాడు ముక్కు తుడుచుకుంటూ. "ఊరికే తల తిప్పుతూ నడుపుతానని నన్ను గుడ్లగూబ మామయ్య అంటారు. ఎక్కేటప్పుడు ఒక్కొక్కళ్ళూ తల తిప్పి చూపించి ఎక్కుతారు. బాగా నడుపుతున్నాననే అనుకున్నానక్కా. ఇంకో నాలుగు రోజులు, ఇంకో నాలుగు రోజులు అనుకుంటూ వచ్చాను."

గుడ్లగూబ మామయ్య సంగతి అక్కకు తెలుసు. ఒకసారి బడి ముందు తన చెవులతో విని, ఇంటికి వచ్చి భర్తకు చెప్పి నవ్వింది కూడా.

ఆమె లేచి చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంది. "పద" అంది.

"ఎక్కడికి?"

"ఆ అమ్మాయి దగ్గరికి. ముందు ఆ పిల్లకి చెప్పాలి. పోలీసులకి తర్వాత. నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను."

"నేనే చెబుతాను. నువ్వు పక్కన ఉండు" అన్నాడు. అని, ఏదో తట్టినట్టు సవరించుకున్నాడు. "పక్కన కాదు. ఎదురుగా ఉండు."

భర్త తాళాలు అందుకోబోయాడు. "నేనూ వస్తాను."

"మీరుండండి" అంది అక్క. గట్టిగా అనలేదు. అయినా ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

దారిలో ఆమె ఇన్నేళ్ళకు మొదటిసారి తమ్ముడి నడకను చూసింది. కాళ్ళతో నేలను ముందుగా తడిమి, ఆ తర్వాత బరువు వేస్తున్నాడు. ఎదురొచ్చేవాళ్ళు తమంతట తాము తప్పుకుంటున్నారు, వాడు తప్పుకోవడం లేదు. ఒక పండ్ల బండివాడు "కళ్ళు కనబడట్లేదా?" అని కసిరాడు. తమ్ముడు "క్షమించన్నా" అని నవ్వి ముందుకు సాగాడు. ఆ నవ్వు ఎంత అలవాటైపోయిందో చూసి అక్క మొహం పక్కకు తిప్పుకుంది. వాడి మోచెయ్యి పట్టుకుంది. వాడు విడిపించుకోలేదు.

ఆస్పత్రిలో సాయంత్రం చూడవచ్చే వేళ. వార్డు నిండా టిఫిన్ డబ్బాల చప్పుడు, పరామర్శల చప్పుడు. పూలకొట్టు అమ్మాయి కిటికీ పక్క మంచం మీద, తలగడకు ఆనుకుని కూర్చుని ఉంది. అక్కను చూసి నవ్వబోయి, వెనకాల ఉన్న మనిషిని చూసి ఆగిపోయింది.

తమ్ముడు మంచం ముందు నిలబడి ఆమె మొహం వెతుక్కున్నాడు. దొరికాక కళ్ళు అక్కడే నిలిపాడు.

"అమ్మా, మీరు సందులోంచి రాలేదు. నా పక్కనే వచ్చారు. నాకు పక్కన కనబడదు. రెండు నెలల నుంచీ ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ బండి నడిపాను. మిమ్మల్ని గుద్దాను. తప్పు మీ మీద వేసి ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. రేపు స్టేషన్‌కి వెళ్ళి ఇదే చెబుతాను. ముందు మీకు చెప్పాలని వచ్చాను."

ఆ అమ్మాయి దుప్పటి అంచును మడిచింది, విప్పింది. కోపగించుకుంటుందని అక్క ఎదురు చూసింది. ఏడుస్తుందేమో అనుకుంది. ఆ అమ్మాయి మొహంలో కనిపించింది మాత్రం ఇబ్బంది.

"మీకిది నేను పొద్దున్నే చెప్పాల్సిందండీ" అంది అక్కతో. "గంట కొట్టానని చెప్పాను గానీ, మిగతాది చెప్పలేకపోయాను. మాటిచ్చాను మరి." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "మీ కళ్ళ సంగతి నాకు నిన్ననే తెలిసిందండీ. మీ ఆవిడ వచ్చి చెప్పి, ఎవరితోనూ అననని మాట తీసుకున్నారు."

"మా ఆవిడా?" తమ్ముడు తెల్లబోయాడు. "దానికి తెలీదమ్మా. దానికి నేను చెప్పనే లేదు."

"మీరు చెప్పలేదట. ఆమెకి పెళ్ళైన కొత్తలోనే తెలిసిందట. రాత్రిపూట బయటికి వెళ్తే మీకు దారి కనబడక గోడలు పట్టుకుంటుంటే, ప్రేమగా ఉన్నట్టు మీ చెయ్యి పట్టుకుని నడిపించేవారట. మీకు తెలిస్తే కుంగిపోతారని ఇన్నేళ్ళూ మీకే చెప్పకుండా నెట్టుకొచ్చారట." ఆ అమ్మాయి దుప్పటి అంచు మళ్ళీ మడిచింది. "నిన్న నా మంచం పట్టుకుని ఏడ్చారండీ. నేను చూడలేకపోయాను. సాయంత్రం పోలీసాయన వస్తే, తప్పు నాదేనని చెప్పేశాను. నేనే సందులోంచి వచ్చానని. రాత్రంతా మనసు ఒప్పుకోక, ఇవాళ మీ అక్కగారికి గంట సంగతి చెప్పాను."

తమ్ముడు మంచం ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు. వాడు తన భార్య దగ్గర దాచిన రెండు నెలలకు అవతల, ఆమె వాడి దగ్గర దాచిన ఏళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్క వేసుకుంటున్నట్టు అక్కడే కొయ్యబారిపోయాడు.

అక్క ఏదో అనబోయి తలెత్తింది. వార్డు గుమ్మంలో, చేతిలో ఫ్లాస్కుతో, మరదలు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో, ఎంత విన్నదో తెలియదు. మొగుడి వైపు చూడలేదామె. నేరుగా అక్క వైపే చూసింది. ఆ చూపులో కన్నీళ్ళు లేవు.

"ఈయన్ని ఎందుకు తీసుకొచ్చావు వదినా?" అంది.